తూకానికి వేయమన్న కార్డు

"కాకా, దీని డ్రైవర్ లినక్స్‌లకెళ్లి ఎప్పుడో తీసేసిన్రు. కార్డు తూకానికి ఏసుకోండ్రి."

ఈ వారం సూరత్ లింబాయత్‌లో ఒక చీరల డిజైన్ల షాపులో మెకానిక్ పిలగాడు ఇలా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కార్డు అడాప్టెక్ 2940. దానికి తగిలించిన స్కజీ డిస్కుల్లో అంచులు, పల్లూలు, బుటాలు ఏళ్ల కొద్దీ పోగుపడి ఉన్నాయి. సాంచాల మీద చేతులు అరగదీసుకున్న మన పద్మశాలీల బస్తీలో పాత డిజైన్ పోతే ఎంత నష్టమో చెప్పాలా? 'పాతది' అనగానే నేను వకాల్తా పుచ్చుకుంటానని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే.

2.4 కెర్నల్ రోజుల్లో ఈ కార్డుకు డ్రైవర్లు రెండు. పాతది డగ్ లెడ్‌ఫోర్డ్ చూసుకున్నది. కొత్తది అడాప్టెక్‌లో ఉండగా జస్టిన్ గిబ్స్ ఇచ్చింది. దాని మూలాలు ఆయన ఫ్రీబీఎస్‌డీ కోడ్‌లో ఉన్నాయి. పాతది మామూలుగా ఒక్కో డిస్కు ముందు 8 ఆజ్ఞలే వరసలో పెట్టేది. కొత్తది 253 దాకా పోయేది! నేతగాడి ముందు కండెలు కుప్ప పోస్తే చీర తొందరగా దిగుతుందా? కొన్ని పాత డిస్కుల ఫర్మ్‌వేర్ ఆ వరసను మోయలేకపోయేది. ఇక టైమవుట్లు, బస్ రీసెట్లు. అందుకే నేను పాత డ్రైవర్ పార్టీలో చేరాను.

పిలగాడు చెప్పింది సగం నిజం. 2014లో వచ్చిన 3.14 కెర్నల్‌లో పాత డ్రైవర్‌ను తీసేశారు. పోయింది నా పార్టీ, కార్డు కాదు. కొత్త డ్రైవర్ నేటికీ కెర్నల్‌లో ఉంది. 253ను తర్వాత 32కు దించారు. బూట్ చేసేటప్పుడు 'గ్లోబల్ ట్యాగ్ డెప్త్' 8 అని చెబితే ఇంకా దిగుతుంది. నేను పాతదాంట్లో మెచ్చుకున్న నిదానం కొత్తదాంట్లో ఒక అంకె మార్పు, అంతే. ఒప్పుకోవడానికి మనసు రాదు గానీ, పాత కార్డును ఇన్నాళ్లు బతికించింది కొత్త డ్రైవరే.

అదే సింబయోస్ రకం స్కజీ కార్డులైతే పాత, కొత్త అన్న పంచాయితీ కంటే ముందు చిప్ నంబర్ చూడాలి. తొలి 810లో లేని సూచనలు 875లో ఉన్నాయి. వాటిని నమ్ముకుని రాసిన డ్రైవర్ 810 మీద ఎట్లా నడుస్తుంది?

షాపులో మాత్రం 8తో బూట్ చేయమన్నాను. డిస్కులను చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ముందు డిజైన్లు పక్కకు తీయమన్నాను. కేబుల్ కొసన టెర్మినేటర్ ఉందో లేదో కూడా చూడమన్నాను. అది లేకపోతే ఏ డ్రైవర్ వేసినా అవే రీసెట్లు.