ఈ గమ్ నమిలేది కాదు

నికోటిన్ గమ్‌ని చూయింగ్ గమ్‌లా నమిలితే దండగ. రసమంతా గొంతులోకి దిగి ఎక్కిళ్లు, గుండెల్లో మంట. ఆపైన 'ఇది నాకు పడదు' అన్న తీర్పు. నాలుగుసార్లు మెల్లగా కొరకాలి. మిరియం తగిలినట్టు నాలుక చురుక్కుమనగానే ఆపేసి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొరికి రెండో బుగ్గన. అరగంట పని. నికోటిన్ నోటి పొరల్లోంచే ఒంట్లోకి ఎక్కాలి. దవడన వక్కపలుకు పెట్టుకుని మధ్యాహ్నమంతా కబుర్లు చెప్పిన మా అమ్మమ్మకైతే ఎవరూ నేర్పనక్కర్లేదు.

మందుల షాపులో "సార్‌కా మేడమ్?" అంటారు. నాకే అంటే చూపు తిప్పుకుంటారు. శ్రీకాకుళం వైపు ముసలమ్మలు నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగిన రాష్ట్రంలో ఆ ఆశ్చర్యమెందుకో!

నలభై దాటాక, నెలసరి గాడి తప్పుతున్న రోజుల్లో సిగరెట్ మానడంలో అసలు చిక్కు వేరే ఉంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం: ఇవి హార్మోన్ల పనీ కావచ్చు, నికోటిన్ అందని ఒంటి గోలా కావచ్చు. రెండూ కలిసొస్తే నింద మానడం మీద పడుతుంది, మళ్లీ పెట్టె తెరుచుకుంటుంది. అందుకే ఈ వయసులో మొండిగా ఒక్కసారే ఒట్టి చేతులతో మానేయమని నేను చెప్పను. గమ్ వేసుకుంటే నికోటిన్ వాటా సద్దుమణుగుతుంది. మిగిలిన బాధ గైనకాలజిస్టుకి చెప్పుకోవచ్చు. పొగ వల్ల వేడి ఆవిర్లు ఎక్కువవుతాయి, ముట్లుడగడం ఏడాది రెండేళ్లు ముందుకొస్తుంది కూడా.

కాఫీ సంగతి చాలామందికి తెలీదు. పొగలోని రసాయనాలు కాలేయం చేత కెఫీన్‌ని గబగబా ఖర్చు చేయిస్తాయి. పొగ ఆగాక అదే రెండు గ్లాసుల కాఫీ రెట్టింపు పనిచేస్తుంది. గుండెదడ, తెల్లవార్లూ జాగారం. అది నికోటిన్ చేసే పని కాదు గనక గమ్ ఆదుకోదు. కాఫీ సగానికి తగ్గించాల్సిందే. గమ్‌కి పావుగంట ముందు, నోట్లో ఉన్నంతసేపూ అసలు తాగకూడదు. కాఫీలోని పులుపు నికోటిన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి 4 మి.గ్రా., మిగతావాళ్లకి 2. నాలుగుకి డాక్టర్ చీటీ కావాలి. గుండెజబ్బున్నా, గర్భమేమోనన్న అనుమానమున్నా (ఈ వయసులోనూ వస్తుంది) ముందు డాక్టర్నే అడగండి. మొదటి వారాల్లో గంటకో రెండు గంటలకో ఒకటి, మూడు నెలల్లో మెల్లగా తగ్గింపు. మొహమాటపడి రోజుకి రెండు మూడుతో సరిపెట్టొద్దు. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం.