నాపరాయి - అరుగు - ప్రహరీ

పల్నాటిలో హద్దుల గురించి మాట్లాడాలంటే నాపరాయితో మొదలుపెట్టాలి. మాచర్ల నుంచి దాచేపల్లి, పిడుగురాళ్ల దాకా నేల తవ్వితే సున్నపురాయే. ఆ బండల్నే పరిచి ఇళ్ల ముందు అరుగులు వేసుకున్నారు. ఆ బండల్నే నిలువునా పాతి దొడ్లకు గోడలు పెట్టుకున్నారు. పరిస్తే నలుగురు కూచుంటారు. పాతితే నలుగురూ అవతలే ఆగిపోతారు. రాయి ఒకటే. దాన్ని ఎలా పెట్టాలో తేల్చేది మనుషులు. అందుకే కట్టడం మేస్త్రీల, ఇంజనీర్ల వ్యవహారం మాత్రమే కాదంటున్నాం. అది రాజకీయం కూడా.

ఊళ్లలో మా పాత కట్టడం పీర్ల చావిడి. దానికి గుమ్మటం ఉండదు, మినార్లు ఉండవు. ముందువైపు తెరిచి ఉండే చిన్న కొట్టం, ఎదురుగా వీధిలోనే గుండం. మొహర్రం వచ్చిందంటే మొక్కులు మోసుకొచ్చే ఆడవాళ్లలో అన్ని కులాల వాళ్లూ ఉంటారు. పీరు ఎత్తేవాడు సాయిబే కానక్కర్లేదు. ఈ కలయికకు భక్తి ఎంత కారణమో ఆ కట్టడం తీరూ అంతే కారణం. అది వీధికి వీపు తిప్పి కూచోలేదు. ఎవరైనా సరే అడక్కుండా ముందుకొచ్చి నిలబడగలిగే చోటు అది.

మన లౌకికవాద మిత్రులకు పీర్ల పండగంటే చాలా ఇష్టం. మత సామరస్యానికి ఉదాహరణ అడిగితే ముందు దాన్నే చెబుతారు. వాళ్ల అభిమానాన్ని కాదనం. కానీ ఆ పది రోజులూ అయ్యాక పీరు మోసిన సాయిబు ఏ వీధిలోకి తిరిగి వెళ్తాడో కూడా రాయమంటున్నాం.

పల్నాటి వీరచరిత్రలో మాచర్ల చాపకూడు కథ ఉంది. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూచోబెట్టాడని చెప్పుకుంటారు. కారెంపూడి వీరుల గుడి ఆవరణలో ఒక ముస్లిం పీరు సమాధి కూడా ఉంది. అంటే చచ్చిన సాయిబుకు ఈ సీమ తన వీరుల పక్కనే చోటిచ్చింది. మరి బతికున్న సాయిబు కొత్త కాలనీలో అద్దెకు ఇల్లడిగితే? పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న వాటా పేరు చెప్పగానే ఎవరో తీసేసుకుని ఉంటారు. లేకపోతే 'శాకాహారులకే' అన్న మాట బయటికొస్తుంది. కోడిపందెంతో యుద్ధానికి దిగిన కథను గొప్పగా పాడుకునే సీమలో మాంసం వాసన పడదనడం వింత! వాళ్లకు పడనిది కూర కాదు, పేరు.

అలా ఇల్లు దొరక్క మసీదు చుట్టూ చేరితే 'వీళ్లు కలవరు, గుంపుగా బతుకుతారు' అంటారు. ఘెట్టో అన్న మాట 1516లో వెనిస్‌లో పుట్టింది. యూదుల్ని ఒక దీవిలాంటి చోటికి నెట్టి, రాత్రిళ్లు తలుపులు మూసి, కాపలా ఖర్చు కూడా వాళ్ల దగ్గరే వసూలు చేశారు. పక్కకు జరగడానికి చోటు లేక ఆ ఇళ్లు అంతస్తు మీద అంతస్తుగా పైకి పెరిగాయి. ఆ కిక్కిరిసిన ఇళ్లు వాళ్ల అలవాటు కాదు, వాళ్ల మీద వేసిన శిక్ష. గుజరాత్‌లో 1991 నాటి 'కల్లోలిత ప్రాంతాల' చట్టం ప్రకారం, ఆ ముద్ర పడిన చోట ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. 2002 మారణకాండ తర్వాత అహ్మదాబాద్ జుహాపురా మరింత కిక్కిరిసింది. భయం వల్లే ముస్లింలు ఒకచోట చేరుతున్నారని 2006లో సచార్ కమిటీ కూడా చెప్పింది.

ఉర్దూలో మొహల్లా అంటే వాడ, అంతే. అందులో ప్రమాదమేమీ లేదు. తెలుగు పత్రికలో వినాయక నిమజ్జనం నాటికి అదే 'సమస్యాత్మక ప్రాంతం' అయిపోతుంది. వీధిలో మురుగు నిలిచినప్పుడు గుర్తురాని మొహల్లా పోలీసు పికెట్ పెట్టేటప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తుంది.

2022 ఏప్రిల్‌లో పల్నాడు వేరు జిల్లా అయ్యేదాకా మాకు గుంటూరే జిల్లా కేంద్రం. అక్కడి జిన్నా టవర్‌కు స్తంభాలూ గుమ్మటమూ తప్ప గోడల్లేవు. స్వాతంత్ర్యానికి ముందు నాటిది. దశాబ్దాలుగా జనానికి అదొక సెంటరు, అంతే. 2021 చివర్లో పేరు మార్చాలన్న గొడవ లేచింది. 2022 జనవరి 26న జెండా ఎగరేస్తామని కొందరు వచ్చారు. ఫిబ్రవరిలో టవర్‌కు మూడు రంగులూ వేసి జెండా ఎగరేశారు. జెండా మాదీ. దాని రంగుల మీద మాకేం అభ్యంతరం లేదు. కానీ గోడల్లేని కట్టడం కూడా తన దేశభక్తిని రుజువు చేసుకోవాల్సి రావడం చూశాక, ఆ రుజువు నిజానికి ఎవర్ని అడుగుతున్నారో అర్థం కాకుండా ఉంటుందా?

ఇంత చెప్పాక మా ఇంటి సంగతీ చెప్పాలి. గల్ఫ్ డబ్బు వచ్చాక మా మినార్లు ఎత్తు పెరిగాయి, ప్రహరీలూ పెరిగాయి. పీర్ల చావిడి 'బిద్అత్' అన్నారు. దాని కప్పు కూలితే పట్టించుకోని జమాతులు ఉన్నాయి. కొత్త మసీదు నక్షాలో ఆడవాళ్లకు ఒక గది అడిగితే స్థలం లేదంటారు. దూదేకుల వాళ్లను సాటి ముసల్మాన్లుగా ఏ వరసలో నిలబెట్టామో కూడా తేల్చుకోవాలి. బయటివాడు కట్టిన గోడకు భయపడి లోపల మరో గోడ కట్టుకుంటే మిగిలేది ఇరుకే.

రెండు గోడల్నీ ఒకే తక్కెడలో వేయమని మేం అనడం లేదు. ఇల్లివ్వనన్నవాడి గోడ ముందు లేచింది, ముందు కూలాల్సిందీ అదే. మేం అడిగేవి చిన్న సంగతులు. నరసరావుపేటలో, గురజాలలో జీతాన్ని బట్టి అద్దె ఇల్లు దొరకాలి, పేరును బట్టి కాదు. మొహల్లాలోకి పోలీసు జీపుకన్నా ముందు మంచినీళ్ల గొట్టం రావాలి. కూలిన పీర్ల చావిడి తిరిగి లేవాలి, ముందువైపు గోడ లేకుండా.