మూత పెట్టని వంట

మన వంటింట్లో మాంసం అంటే గరిటె ఆడుతూనే ఉండాలి. ఉల్లిపాయ వేగాలి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోవాలి, ముక్క నీరు వదలాలి, ఆ నీరు ఇగరాలి, మళ్లీ కాసిని నీళ్లు పోసి మూత పెట్టాలి. మధ్యమధ్యలో మూత తీసి ఒక ముక్క నొక్కి చూసుకోవాలి. మేముండే యార్క్‌షైర్‌లో ఆదివారం ఇంటిల్లిపాదికీ చేసుకునే పంది రోస్ట్‌లో ఈ పనులేవీ లేవు. గరిటె లేదు, మూత లేదు, మసాలా లేదు. రెండు కిలోల మాంసం, ఉప్పు, ఓవెన్, ఓ పూట సమయం, అంతే. అందుకే చాలామంది తేలిక అనుకుంటారు. నన్నడిగితే, చేయి ఊరుకోని మనలాంటి వాళ్లకు ఇంతకు మించిన పరీక్ష లేదు.

అసలు చిక్కంతా ఆ ఒక్క ముక్కలోనే రెండు వంటలు ఉండడంలో ఉంది. పైన తోలు, కింద మాంసం. తోలు అప్పడంలా పొంగి కరకరలాడాలి. ఇక్కడి వాళ్లు దాన్ని క్రాక్లింగ్ అంటారు, దాని కోసమే భోజనానికి కూర్చుంటారు. అది పొంగాలంటే పైభాగం పొడిగా ఉండాలి, ఓవెన్ భగభగలాడాలి. మాంసానికి కావలసింది సన్నని సెగ, బోలెడంత సమయం. ఒకదానికి మేలు చేసే వేడి రెండోదానికి కీడు చేస్తుంది. ఈ రెంటికీ రాజీ కుదర్చడమే ఈ వంటలోని పనితనం.

ముందు ముక్క ఎంచుకోవాలి. వెన్ను ముక్క చూడ్డానికి బాగుంటుంది, పలచగా చక్కగా తెగుతుంది. కానీ కొవ్వు తక్కువ కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంచితే పీచుపీచుగా ఎండిపోతుంది. తొడ పెద్ద విందులకు బాగుంటుంది. ఇంటి భోజనానికి నా ఓటు జబ్బకే. నడిచేటప్పుడు బరువు మోసే కండ అది, అందులో కొలాజెన్ ఎక్కువ. తొందరపడి దించితే నమలలేం. లోపలి వేడి 70 డిగ్రీలు దాటాక గంటల తరబడి అలాగే ఉంచితే ఆ కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క వెన్నలా విడిపోతుంది. లీడ్స్ కిర్క్‌గేట్ మార్కెట్‌లో మాంసం కొట్ల వరుస ఒకటుంది. అక్కడ తోలు ఉంచి, ఎముక తీసి, చుట్టి దారం కట్టి ఇమ్మంటే ఇస్తారు. తోలు తీసేసిన ముక్క తెచ్చుకుంటే సగం వంట కొట్లోనే వదిలి వచ్చినట్టు.

ఆదివారం భోజనానికి పని శనివారం సాయంత్రమే మొదలవుతుంది. మాంసం పైతడిని కాగితంతో ఒత్తి తుడవాలి. తుడిచాక కూడా తోలు మీద సన్నని చెమట కనబడుతుంది, మళ్లీ ఒత్తాలి. తర్వాత గాట్లు. ఎంత మంచి వంటింటి కత్తయినా ఈ తోలు మీద జారుతుంది, అట్టపెట్టెలు కోసే బ్లేడు కత్తి కొత్తది తీసుకోవడం మేలు. గాటుకీ గాటుకీ మధ్య అర అంగుళానికి మించకూడదు. గాటు తోలును చీల్చి తెల్లటి కొవ్వులో ఆగాలి. ఎర్రటి మాంసం దాకా దిగిందంటే వేడికి అక్కడి రసం పైకి చిమ్మి తోలును తడిపేస్తుంది, ఆ చోట క్రాక్లింగ్ మీద ఆశ వదులుకోవలసిందే. ఇక గళ్లుప్పు తీసుకుని ప్రతి గాటునూ వేళ్లతో విప్పుతూ లోపలికి రుద్దాలి. ఆ రాత్రంతా ఫ్రిజ్‌లో పైన ఏమీ కప్పకుండా వదిలేయాలి. తెల్లారేసరికి తోలు బిగిసి ఉంటుంది, గోటితో మీటితే టక్కుమంటుంది.

ఇంత హడావిడి ఎందుకంటే, తడి ఉన్నంతసేపూ ఆ చోటు వేడి 100 డిగ్రీలు దాటదు. నీరు ఆవిరైపోయే పనికే వేడంతా ఖర్చవుతుంది. మాంసానికి ఎర్రటి రంగు, కమ్మటి వాసన బాగా పట్టేది సుమారు 140 డిగ్రీలు దాటాక. మన వేపుళ్లలో నీరంతా ఇగిరాకే రంగు తిరగడంలోని మర్మం కూడా ఇదే.

ఓవెన్‌ను 220 డిగ్రీలకు వేడెక్కించి, ట్రేలో ఉల్లిపాయ చక్రాలు పరిచి, వాటి మీద ముక్క పెట్టి అరగంట ఉంచుతాను. తోలు బుడగలు తేలడం మొదలయ్యాక వేడి 160కి దించి రెండున్నర నుంచి మూడు గంటలు వదిలేస్తాను. ఆ మధ్య చేసేదేమీ లేదు. ఆ చేయకపోవడమే కష్టం. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు స్టూలు వేసుకుని ఓవెన్ అద్దం ముందే కూర్చుంది.

"ఒకసారి తిప్పవే, అడుగంటుతుందేమో."

"తిప్పేది లేదమ్మా. అడుగున ఉల్లిపాయలున్నాయి."

"పోనీ కాసిని నీళ్లు చల్లు."

"చల్లితే తోలు మెత్తబడిపోతుంది."

"మరి నువ్వు చేసేదేంటే?"

నిజమే, ఏమీ లేదు. పూర్వం ఇక్కడి గృహిణులు మాంసం ఓవెన్‌లో పెట్టి చర్చికి వెళ్లి వచ్చేవారు. ఓవెన్ వేడిని అప్పట్లో చేయి పెట్టి చూసో, పిండి చల్లి రంగు చూసో అంచనా కట్టేవారు. 1923లో గ్యాస్ పొయ్యిలకు రెగ్యులో అనే థర్మోస్టాట్ వచ్చాక ఆ బెంగ తీరింది. ఇప్పటికీ ఇక్కడి వంట పుస్తకాల్లో కనిపించే గ్యాస్ మార్క్ 4, గ్యాస్ మార్క్ 7 అనే అంకెలు ఆ కాలం నాటివే.

ముక్క ఉడికిందో లేదో పొడిచి చూడక్కర్లేదు, ముప్పావు వంతు సమయం గడిచాక ధర్మామీటర్ సూది గుచ్చితే అదే చెబుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పంది మాంసం పెద్ద ముక్కలకు 71 డిగ్రీలు చెబుతూ వచ్చి, 2011లో దాన్ని 63 డిగ్రీలకు తగ్గించింది, ఆపైన మూడు నిమిషాలు ఆగమంది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ లోపలి వేడి 70 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉండాలంటుంది. నేను బ్రిటన్ లెక్కే పాటిస్తాను. జబ్బ మెత్తబడాలంటే ఎలాగూ 85 నుంచి 90 దాకా పోవాలి కాబట్టి అక్కడ ఈ చర్చే లేదు.

పంది అనగానే మనవాళ్లు పురుగుల మాట ఎత్తుతారు. భయం ఉత్తది కాదు, గురి తప్పింది. సరిగ్గా ఉడకని మాంసం తింటే పేగుల్లో బద్దెపురుగు చేరవచ్చు. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పించే జబ్బు మాత్రం మాంసం నుంచి నేరుగా రాదు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు చేతుల మీదుగానో, నీళ్లలోనో, పచ్చి కూరగాయల మీదో మన నోటికి చేరితే వస్తుంది. శాకాహారికైనా వస్తుంది. పందికి ఆ పురుగు అంటించేదీ ఆరుబయట మలమే. మరుగుదొడ్డి కట్టుకుని, పందిని దొడ్లో పెంచి, మాంసం పూర్తిగా ఉడికిస్తే ఆ చక్రం తెగిపోతుంది. తప్పు మన వీధులది, నింద జంతువుది.

నింద పెంచినవాళ్ల దాకా కూడా పోయింది. ఎరుకలవారు తరతరాలుగా పందుల్ని పెంచుతున్నారు, దళితవాడల్లో పంది కూర పండగ వంట. ఎవరు తింటారన్నదాన్ని బట్టి మాంసానికి మర్యాద కొలిచే అలవాటు మనది. అదే మాంసం హోటల్లో బేకన్ పేరుతో వస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. నిజానికి నేనుండే ఈ జిల్లాకూ మన ఊళ్లకూ పందితోనే చుట్టరికం ఉంది. లీడ్స్‌కు దగ్గర్లోని కీత్లీలో జోసెఫ్ ట్యూలీ అనే నేతగాడు పెంచిన పందులు 1851లో విండ్సర్‌లో జరిగిన రాయల్ షోలో జనాన్ని అబ్బురపరిచాయి. ఆ జాతే లార్జ్ వైట్ యార్క్‌షైర్. గన్నవరంలో ప్రభుత్వం పందుల కేంద్రాన్నీ బేకన్ ఫ్యాక్టరీనీ నడిపింది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం దేశవాళీ పందితో ఈ యార్క్‌షైర్‌ను కలిపి సంకర జాతిని తయారుచేసింది. కీత్లీ నేతగాడి పంది తిరుపతి దాకా రాగలిగింది, మన పేటల్లోని కూర మాత్రం పెద్ద వీధి దాటలేకపోయింది.

ఓవెన్ నుంచి తీశాక కూడా తొందర పనికిరాదు. అరగంట ఆగాలి. ఆ లోపు లోపలి వేడి సర్దుకుంటుంది, కోసినప్పుడు రసం పళ్లెంలోకి కారిపోదు. ఇక్కడా మూత పెట్టకూడదు, రేకు కప్పినా ఆవిరికి తోలు మెత్తబడుతుంది. ఎక్కడైనా తోలు పొంగకపోతే ఆ పొర విడదీసి పది నిమిషాలు 230 డిగ్రీల్లో పెడితే దారికొస్తుంది. ఈలోగా ట్రేలోని కొవ్వు వంపేసి, మాడీమాడని ఉల్లిపాయల్లో చెంచాడు మైదా వేయించి, వేడి నీళ్లు పోసి గోకితే గ్రేవీ అవుతుంది. పక్కన పులుపు తప్పనిసరి, కొవ్వు వెగటును అదే విరుస్తుంది. ఇక్కడివాళ్లు బ్రామ్లీ ఆపిల్‌ను గుజ్జుగా ఉడికించి పెడతారు. మా బల్ల మీద దాని పక్కనే గోంగూర పచ్చడి ఉంటుంది, ముందుగా ఖాళీ అయ్యేది గోంగూరే.

ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకు చార్లెస్ లాంబ్ 1822లో పంది రోస్ట్ మీద రాసిన వ్యాసం గుర్తుండవచ్చు. ఇల్లు తగలబడి పందిపిల్లలు కాలిపోతే, ముట్టుకుని వేళ్లు కాలిన కుర్రాడు వాటిని నోట్లో పెట్టుకుని తొలిసారి ఆ తోలు రుచి కనిపెడతాడు. ఆ తర్వాత రోస్ట్ కోసం ఊళ్లో జనం ఇళ్లు తగలబెట్టుకోవడం మొదలుపెడతారు. కథ కల్పనే గానీ తోలు మీద ఆ యావ కల్పన కాదు. మా ఇంట్లో తగువులన్నీ దాని దగ్గరే.

ఈ ఆదివారం ప్రయత్నించేవాళ్లకు నాలుగు మాటలు. ముందుగా ధర్మామీటర్ కొనండి. శనివారమే ఉప్పు రుద్దండి. భోజనానికి పిలిచినవాళ్లలో పంది తిననివారుంటే ముందే అడిగి, వాళ్లకు వేరే గిన్నెల్లో, వేరే గరిటెతో పప్పూ వేపుడూ చేయండి. తినేవాళ్లను చిన్నచూపు చూసే మాట మాత్రం ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి.