చెల్లెలి సంతకం

ఈ వారం నన్ను సంతోషపెట్టింది ఒక దరఖాస్తు. కంచిలి వైపు నుంచి డిగ్రీ చదివే అమ్మాయి తెచ్చింది. రూళ్ల కాగితం మీద, సొంత దస్తూరీతో, ఒకటిన్నర పేజీ. వాళ్ల అన్న ఐటీఐ చదివి వెల్డింగు పనికి షార్జా వెళ్లాడు. రెండు నెలలు జీతమిచ్చి ఆపేశారు. పాస్‌పోర్టు కంపెనీవాళ్ల దగ్గరే ఉండిపోయింది. అక్కడ చట్టప్రకారం ఉండడానికి కావలసిన రెసిడెన్సీ ఇదిగో వేయిస్తాం, అదిగో వేయిస్తాం అంటూ నెలలు గడిపేశారు. కాగితం మొదటి వాక్యంలోనే అన్న పేరు, పాస్‌పోర్టు నంబరు, విమానమెక్కిన తేదీ ఉన్నాయి. రెండో వాక్యంలో ఎవరు పంపారు, ఎంత తీసుకున్నారు. పాదపద్మాలు, శతకోటి వందనాలు ఎక్కడా లేవు.

"ఎవరు రాసిచ్చారమ్మా?" అన్నాను.

"నేనే రాసీసాను మాస్టారూ. అన్నయ్య ఫోన్లో చెప్తుంటే రాసుకున్నాను" అంది.

ఈ పేజీ ప్రతి వారం చదివేవారికి నా పట్టుదల తెలుసు. ఎవరి దరఖాస్తు వారే రాసుకోవాలి, నకలు ఇంట్లో ఉంచుకోవాలి, రసీదు చేతికి రాకుండా ఆఫీసు గడప దిగకూడదు. టైపు సెంటర్ల భాష మీద రాసిన వారం కొందరు నొచ్చుకున్నారు కూడా. అయినా ఆ మాట వదలలేదు. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు మాట్లాడే తెలుగును రాతలోకి తేవడానికి జీవితం ధారపోశారు. అది బడిలోకి వచ్చింది, పత్రికల్లోకి వచ్చింది. ఆయన పుట్టిన జిల్లాలోనే కలెక్టరుగారికిచ్చే అర్జీలోకి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. అందుకే ఆ పిల్ల కాగితం చూసి మనసు నిండింది. ఈ వారమంతా దాని గురించే రాద్దామనుకున్నాను.

రాయడానికి కూర్చుంటే మా వీధిలో ఉండే రంగం తాత గుర్తొచ్చాడు.

రంగమంటే రంగూను. మా చిన్నప్పుడు ఉత్తరాంధ్రలో ఆ పేరు తెలియని ఇల్లు లేదు. ఆ వలసలు సాగిన రోజుల్లో శ్రీకాకుళం జిల్లా అన్నదే ఏర్పడలేదు. గంజాం, విశాఖపట్టణం జిల్లాల తీరమే. బారువలో, కళింగపట్నంలో, భీమిలిలో స్టీమరెక్కితే బంగాళాఖాతం దాటి రంగం. కోతలయ్యాక వెళ్లడం, రెండు మూడేళ్లు ఓడరేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పనిచేయడం, నాలుగు డబ్బులతో ఊరికి రావడం, మళ్లీ వెళ్లడం. బర్మావాళ్లు మనవాళ్లను కోరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టినప్పుడు వారి స్థానంలో బర్మా కూలీలను తెచ్చి పెట్టారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనిలోకి వెళ్లేసరికి అది నెత్తుటి గొడవగా మారింది. చాలామంది ప్రాణాలు పోయాయి.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. అంతవరకూ రంగం వెళ్లడమంటే ఒకే ప్రభుత్వం కింద ఒక రేవు నుంచి ఇంకో రేవుకు వెళ్లడం. ఆ రోజు నుంచి అది పరదేశం. 1941లో రెండు ప్రభుత్వాలూ వలసల మీద ఒప్పందం రాసుకున్నాయి. ఎవరు ఎంతకాలం ఉండవచ్చో పర్మిట్లు పెట్టి తేల్చాలనుకున్నారు. గాంధీజీ ఆ ఒప్పందాన్ని గట్టిగా ఖండించారు. అది పూర్తిగా అమలులోకి రాకముందే 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగం మీద పడ్డాయి. లక్షలాది మంది అడవుల్లో, కొండల్లో నడిచి ఇటు బయల్దేరారు. దారిలో వేలమంది రాలిపోయారు. రంగం తాత అలా నడిచొచ్చినవాడే. యుద్ధమయ్యాక, చాలామంది వద్దన్నా, మళ్లీ స్టీమరెక్కాడు. "ఇక్కడేటుంది బాబూ, అక్కడైతే పనుంది" అనేవాడు.

1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వం కావాలంటే, బయట పుట్టినవారు 1948 జనవరి 4కు ముందు పదేళ్లలో గానీ, 1942 జనవరి 1కి ముందు పదేళ్లలో గానీ కనీసం ఎనిమిదేళ్లు అక్కడ నివసించి ఉండాలి. అక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉందని చెప్పి, ఆ పౌరసత్వం కోరుకోవాలి. చదవడానికి న్యాయంగానే ఉంది. యుద్ధంలో పారిపోయినవారి కోసం రెండో లెక్క కూడా పెట్టారు. కానీ తాత ఎనిమిదేళ్లు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆయన పేరు ఉన్నది మేస్త్రీ ఖాతా పుస్తకంలో. అది బాంబుల్లో తగలబడింది. పైగా రెండేళ్లకోసారి ఊరొచ్చి నాట్లూ కోతలూ చూసుకుని వెళ్లేవాడు. ఆ నెలలన్నీ తీసేస్తే పదిలో ఎనిమిది నిలబడవు.

తాత చదువుకున్నవాడు. దస్తూరీ గుండ్రంగా, ముత్యాల వరసలా ఉండేది. ఆ దరఖాస్తు తనే తెలుగులో రాసుకుని, ఇంగ్లీషులోకి మార్పించి ఇచ్చాడు. రెండేళ్లకోసారి ఊరెళ్లి వచ్చానని నిజాయితీగా అందులో రాశాడు. ఆయనతో కలిసి మూటలు మోసిన పలాస వైపు మనిషి కూడా అలాగే ఊరెళ్లి వచ్చేవాడు. అతనికి అక్కడ ఒక వకీలు దొరికాడట. ఆ వకీలు రేవు కంపెనీ హాజరు పట్టీల నకళ్లు తీయించాడు, అద్దె గది యజమానితో వాంగ్మూలం రాయించాడు, ఊరికి తాత్కాలికంగా వెళ్లి రావడం నివాసాన్ని తెంపదని ఒక పేజీ వాదన జతచేశాడు. అతనికి కాగితం వచ్చింది. తాత మాత్రం ఏటేటా రుసుము కట్టి విదేశీయుల రిజిస్ట్రేషను పత్రం తిరగరాయించుకుంటూ, తను సగం జీవితం గడిపిన ఊళ్లో పరాయివాడిగా ఉండిపోయాడు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసింది, మనవాళ్లు ఓడల్లో విశాఖకూ మద్రాసుకూ దిగారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు ఈనాటికీ ఉంది.

అక్కడే ఉండిపోయినవారిని 1982 పౌరసత్వ చట్టం మళ్లీ తరగతులుగా విడదీసింది. 1948 నాటి పౌరసత్వ చట్టం కింద దరఖాస్తు పెట్టారా లేదా అన్నది ముప్పై నాలుగేళ్ల తరువాత కూడా లెక్కలోకి వచ్చింది.

తాత తన దరఖాస్తు నకలును నూనెగుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో ఉంచుకున్నాడు. ఒకసారి నా చేత చదివించుకున్నాడు. అందులో అబద్ధం లేదు, అక్షర దోషం లేదు. ఏ వారమైనా ఈ కాలమ్‌లో నేను మెచ్చుకునే లక్షణాలన్నీ ఉన్నాయి. అయినా ఆ కాగితం ఆయన్ను కాపాడలేదు.

ఇది గుర్తొచ్చాక కంచిలి అమ్మాయి దరఖాస్తును మళ్లీ తీశాను. ఈసారి ఒక్కడినే చదవలేదు. సోంపేటలో వకీలుగా ప్రాక్టీసు చేసే ఒక మిత్రుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టి, ముందు వీసా చూపించమన్నాడు. అమ్మాయి ఫోన్లో వాట్సాప్‌కు వచ్చిన బొమ్మ చూపించింది. అది విజిట్ వీసా. దిగాక కంపెనీ మారుస్తుందని ఏజెంటు చెప్పాడు. మార్చలేదు. అంటే ఏడు నెలలుగా ఆ కుర్రాడు పనిచేయడానికి హక్కులేని వీసా మీద పనిచేశాడు, గడువు దాటి ఉన్నాడు. అమ్మాయి కాగితంలో ఉన్న కోరికలు మూడు: జీతం ఇప్పించాలి, రెసిడెన్సీ ఇప్పించాలి, ఏజెంటును శిక్షించాలి. మూడూ న్యాయమైనవే. మూడూ ఒకే కాగితంలో, ఒకే ఆఫీసుకు.

ఆయన దాన్ని మూడు కాగితాలు చేశాడు. దుబాయిలోని మన కాన్సులేటుకు, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ద్వారా వెళ్లేది ఒకటి. అందులో ముందు అడగవలసింది రెసిడెన్సీ కాదు, పాస్‌పోర్టు. అది చేతికి రాకుండా ఏ దారీ తెరుచుకోదు. తన తప్పు లేకుండా ఇరుక్కున్న కార్మికుడికి టికెట్టుకూ, చిన్న జరిమానాలకూ, తొలి న్యాయసహాయానికీ భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, అది 2009 నుంచి ఉంది, అడిగితేనే పరిశీలిస్తారు. ఇక గడువు దాటినవారికి ఆ దేశాలు అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తాయి. 2024లో యూఏఈ సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఇచ్చింది. ఆ వ్యవధిలో జరిమానా లేకుండా వచ్చేయవచ్చు, లేదా అక్కడే కొత్త పని చూసుకుని రెసిడెన్సీ సరిచేసుకోవచ్చు. ఏది ఎంచుకోవాలన్నది ఒక్కొక్కరి కేసును బట్టి. అది చెప్పడానికి దస్తూరీ బాగుంటే చాలదు.

రెండోది పోలీసు స్టేషనుకు. రిజిస్ట్రేషను లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. రిజిస్ట్రేషను ఉన్న ఏజెంటైనా సేవా రుసుము రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. ఈ కుటుంబం ఇచ్చింది దానికి ఎన్నో రెట్లు. ఇక్కడ మా మిత్రుడు చెప్పిన ఒక సంగతి నన్ను కదిలించింది. ఆ చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కానీ 27వ సెక్షనులో మినహాయింపు ఉంది. మోసపోయినవాడు గానీ, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, అన్న, చెల్లి లాంటి దగ్గరివాళ్లు గానీ ఫిర్యాదు ఇస్తే ఆ అనుమతి అక్కర్లేదు. అంటే ఆ అమ్మాయి సంతకానికి చట్టంలో చోటుంది. మూడోది న్యాయసేవాధికార సంస్థకు. 1987 చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. అక్కడా ఆమె సంతకమే పనికొచ్చింది.

పక్కనే కూర్చున్న తల్లి అంతసేపూ మాట్లాడలేదు. చివర అడిగింది: "బాబూ, ఈ కాగితాలు పంపితే మా గుంటడు వచ్చేస్తాడా?" మా మిత్రుడు వస్తాడనీ అనలేదు, రాడనీ అనలేదు. ఏ కాగితం ఎన్నాళ్లు పడుతుందో, జవాబు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో విడమరిచి చెప్పాడు. నేను రాసిచ్చి ఉంటే "తప్పకుండా వస్తాడమ్మా" అనేవాణ్ణి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో అమెరికా వెళ్లిన మన పిల్లల సంగతి చూడండి. గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన లేబర్ సర్టిఫికేషనులో వకీలు ఖర్చు యజమానే పెట్టుకోవాలి, ఉద్యోగి మీద వేయకూడదని అక్కడ 2007 నుంచి నిబంధన. బాగా చదువుకున్న ఇంజినీరే తన దరఖాస్తు తను రాసుకోడు, వకీలు రాసినదాన్ని చదివి సంతకం పెడతాడు. అదెవరికీ తప్పుగా తోచదు. తిత్లీ తుఫాను కొబ్బరిని, జీడిని కూల్చేశాక ఉద్దానం నుంచి బయల్దేరిన కుర్రాడికి మాత్రం ఎవరి దరఖాస్తు వారే రాసుకోవాలని చెప్పడం న్యాయం కాదు. అతనికి ఏజెంటు వద్దు. వకీలు కావాలి.

అదీ వెళ్లకముందే కావాలి. పదో తరగతి ప్యాసైనవాడి పాస్‌పోర్టుకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) ముద్ర ఉండదు. ఆ ముద్ర ఉన్నవాడు గల్ఫ్‌కు ఉద్యోగ వీసా మీద వెళ్తే కాంట్రాక్టు కాగితం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ముందుకు వెళ్తుంది, రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. దానికి రెండేళ్ల ప్రీమియం రూ.275. మన ఐటీఐ పిల్లల్లో చాలామంది పది దాటినవారే. ఆ తనిఖీ వాళ్లకు వర్తించదు. చదువుకున్నందుకు ఒక రక్షణ తగ్గిపోయింది. సోంపేట, టెక్కలి, చీపురుపల్లి, బొబ్బిలి కోర్టుల వకీళ్లు, పారా లీగల్ వాలంటీర్లు ఐటీఐ ఆఖరి పరీక్షలు జరిగే రోజుల్లో ఒక పూట తరగతి గదికి వెళ్లి వీసా ఎలా చదవాలో చెప్పాలని నా కోరిక. మండల న్యాయసేవా కమిటీలు పూనుకుంటే ఇది కష్టమైన పని కాదు.

మొదటి ప్రతి మాత్రం ఇంట్లోవాళ్లే రాయండి, ఆ కంచిలి అమ్మాయిలాగే. తేదీలు, డబ్బులు మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఆ కాగితం, వీసా నకలు, డబ్బు ఎవరి ఖాతాలో వేశారో ఆ బ్యాంకు రసీదు పట్టుకుని వకీలు దగ్గరకు వెళ్లండి. ఏజెంటుతో నడిచిన వాట్సాప్ మాటలు చెరపకండి. కొత్త ఫోను కొంటే పాతది అమ్మేయకుండా ఇంట్లోనే ఉంచండి.