స్తంభం తెచ్చుకున్నాం, నీడ తెచ్చుకోలేదు

ఇల్లు సర్దుకోవడం వేరు, ఇల్లు అలంకరించుకోవడం వేరు. మొదటిది రోజూ చేస్తాం, ఎవరూ చూడరు. రెండోది ఎప్పుడో చేస్తాం, పిలిచి మరీ చూపిస్తాం. ఈ రెండూ ఒక్కచోట కుదిరిన ఇళ్లు చూడాలంటే చెట్టినాడు వెళ్లాలి.

తమిళనాడులో కారైకుడి, కానాడుకాత్తాన్, ఆత్తంగుడి, ఆ చుట్టుపక్కల ఊళ్లని కలిపి చెట్టినాడు అంటారు. బర్మాలోనూ, మలయాలోనూ వడ్డీ వ్యాపారం చేసి గడించిన నాట్టుకోట్టై చెట్టియార్లు అక్కడ మేడలు కట్టారు. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ చలువరాళ్లు, కోడిగుడ్డు సొన కలిపి నునుపు చేసిన సున్నపు గోడలు! 2014లో ఈ ఊళ్లు యునెస్కో వారి తాత్కాలిక జాబితాకి ఎక్కాయి. కొన్ని మేడలు హోటళ్లయ్యాయి. ఇల్లు ఎలా తీర్చిదిద్దుకోవాలో చూడ్డానికే వెళ్లేవాళ్లు ఇప్పుడు బోలెడుమంది.

చూసొచ్చినవాళ్లంతా ముందుహాలునే పొగుడుతారు. ఫోటోలూ అక్కడివే. నా మనసు పట్టేసింది మాత్రం ఆ వెనకది. ఇల్లు ఈ వీధిలో మొదలై పైవీధిలో ముగుస్తుంది. ముందు అరుగు, తర్వాత శుభకార్యాలకి మండువా, ఆ వెనక భోజనాలకి, ఇంకా వెనక వంటకి. మండువా చుట్టూ వరసగా గదులు. పెళ్లయిన ఒక్కో కొడుక్కీ ఒక్కో గది. అది ముఖ్యంగా సామాను దాచుకోవడానికేనట. కోడలు పుట్టింటినుంచి తెచ్చుకున్న గిన్నెలూ, గంగాళాలూ, జాడీలూ అందులోనే. ఇల్లు ఒకటే అయినా పొయ్యిలు వేరు. ఉమ్మడి కాపురం చేసినవాళ్లకి ఇందులో తెలివి ఏమిటో వేరే చెప్పాలా? తోటికోడళ్ల మధ్య సగం తగువులు ఆ ఏర్పాటుతోనే తీరిపోయి వుంటాయి.

అలాగని లోపం లేదనను. హంగంతా మగవాళ్లు కూచునే ముందుభాగానికి, చాకిరీ అంతా ఆడవాళ్లు తిరిగే వెనకభాగానికి పంచిపెట్టిన ఇళ్లవి. అద్దాలూ దీపాలూ వంటగది దాకా రాలేదు. ఫోటోలు తీసేవాళ్లూ అక్కడిదాకా రావడం లేదు.

1942లో జపాను బర్మాని ఆక్రమించింది. 1960ల్లో అక్కడి ప్రభుత్వం వ్యాపారాలని జాతీయం చేసింది. రాబడి పోయింది, మేడలు మిగిలాయి. ఒక్కో మేడకి పదులకొద్దీ వారసులు. బాగుచేయించే స్తోమతు లేక కొందరు విప్పి అమ్ముకున్నారు. కారైకుడి మునీశ్వరన్ కోయిల్ వీధి పాతసామాన్ల దుకాణాలకి పేరు. తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు, ఊరగాయ జాడీలు అక్కడ బేరానికి వుంటాయి.

అక్కడే ఒకావిడ నాతో మాట కలిపింది. "ఈ స్తంభం మా హాల్లో టీవీ పక్కన పెడితే ఎంత బావుంటుందో కదండీ?" అంది.

"దానిమీద ఏం ఆనుతుందండీ?" అన్నాను.

"ఏం ఆనక్కర్లేదు, ఊరికే అందానికి" అంది నవ్వుతూ.

ఆవిడనని ఏం లాభం? మన పత్రికలూ ఫోటోలూ నేర్పిన రుచే అది. కానీ ఎక్కడో ఒక కప్పు దిగితేగాని ఆ స్తంభం బజారుకి రాదు. మన గోదావరి జిల్లాల మండువా లోగిళ్లకీ ఈ గతే పడుతోంది. పాతవస్తువు మీద మోజు ముదిరేకొద్దీ, పాత ఇల్లు నిలబెట్టడం కంటే విప్పి అమ్మడమే లాభమవుతోంది.

ఆ ఇళ్లనుంచి మన రెండుగదుల ఇంటికి తెచ్చుకోదగినవి వేరే వున్నాయి. వెలుతురు పడే చోట ఏదీ అడ్డం పెట్టకపోవడం, ప్రతి వస్తువుకీ ఒక చోటు, ప్రతి మనిషికీ తనదనే ఒక మూల. వీటికి లారీ ఖర్చు లేదు.

చేత్తో పట్టుకొచ్చేది ఏదైనా వుండాలనుకుంటే ఆత్తంగుడి గచ్చు పలకలు కొనండి. గాజుపలక మీద అచ్చు పెట్టి రంగు సిమెంటు పోస్తారు. పైన ఇసుకా సిమెంటూ పరిచి, ఆరబెట్టి, నీళ్లలో నానవేస్తారు. బట్టీలో కాల్చే పనే లేదు. గాజు నునుపు పలకకి వచ్చేస్తుంది. అవి ఇవాళ్టి పనివాళ్లు ఇవాళ చేసినవి. మనం కొంటే వాళ్ల ఇల్లు గడుస్తుంది, ఇంకొకరి ఇల్లు కూలదు.