చెవికి పాఠం

పరదేశానికి మిషనరీగా వెళ్లేవాళ్లనగానే చాలామందికి చేతిలో బైబిలూ, నోటినిండా ప్రసంగమూ గుర్తొస్తాయి. నాకు మాత్రం వాళ్ల చెవి మీదే గురి. మతం సంగతి ఎవరి ఇష్టం వాళ్లది కానీ, లిపి లేని భాషలోకి బైబిలు అనువదించాలని బయల్దేరేవాళ్లు ధ్వనిశాస్త్రం తరగతిలో పడే పాట్లు చూడాలి. ఇంగ్లీషు తప్ప ఎరగని కుర్రవాడికి మన ‘త’కీ ‘ట’కీ తేడా ఓ పట్టాన వినపడదు. పెదాల ముందు సన్నటి కాగితం పట్టుకుని పలకాలి: ‘ప’ అంటే అది కదలకూడదు, ఒత్తు పడితే ఎగరాలి. ఆ తర్వాత గాలి లోపలికి లాగుతూ పలికే హల్లులు, దక్షిణాఫ్రికా భాషల్లో నాలుకతో టక్కుమనిపించేవీ. స్వరం ఎత్తు మారితే అర్థమే మారే భాషలైతే మాటను వదిలేసి దాని రాగాన్ని ఈల వేసి పట్టుకోవాలి. వీటన్నిటిలో నాకు ముచ్చటేసేది భాషావేత్త కెన్నెత్ పైక్ సభల్లో చేసి చూపిన విద్య. ఎదురుగా తనకు తెలియని భాష మాట్లాడే మనిషి, దుబాసీ లేడు. ఇంగ్లీషు వాడకూడదని తాను మెక్సికోలోని మిష్టెక్ భాషలో మాట్లాడేవాడు. ఒక ఆకు చూపిస్తాడు, విన్నది తిరిగి పలుకుతాడు, బోర్డు మీద రాస్తాడు. రెండు ఆకులు పట్టుకుంటే బహువచనం సంగతి తేలుతుంది, కింద పడేస్తే క్రియ దొరుకుతుంది. ఈ సాధనలో చెవి మొద్దుబారి ఉంటే, రేపు రాయబోయే అక్షరమాలలో ఒక అక్షరం తగ్గిపోతుంది. ఆ ఊరి పిల్లల మొదటి వాచకంలో రెండు వేర్వేరు మాటలు ఒకేలా అచ్చవుతాయి.