ఒకే మదురై, రెండు పుస్తకాలు

పోయిన క్వార్టర్లీ సెలవుల్లో నా ట్యూషన్ స్నేహితుడు ఒకడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. వాళ్ళ ఇల్లు తుడియలూరులోనే, మా వీధికి రెండు వీధుల అవతల. వాళ్ళు ముస్లిములు. వాడికి తెలుగు అంతగా రాదు, కానీ మా అవ్వ సగం తమిళం కలిపి మాట్లాడుతుంది కాబట్టి అంతా అర్థమవుతుంది. అన్నం వడ్డిస్తూ అవ్వ ఎప్పుడూ చెప్పే కథ మొదలుపెట్టింది. మన పెద్దలు తుంగభద్ర అవతల ఉండేవాళ్ళంట. అక్కడి తురకరాజు మన ఆడపిల్లను ఇమ్మని అడిగాడంట. రాత్రికి రాత్రే మూటాముల్లె కట్టుకుని బయలుదేరితే ఏరు అడ్డం వచ్చిందంట. అప్పుడు ఒడ్డున ఉన్న పుంగ చెట్టు వంగి వంతెన అయిందంట. (పుంగ చెట్టునే ఆంధ్రలో కానుగ అంటారు.)

నా స్నేహితుడు అంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "ఆ రాజు పేరేమిటి అవ్వా?"

"పేరు ఎవరికి తెలుసురా, తురకరాజు, అంతే" అంది అవ్వ.

వాడు ఇంకేం మాట్లాడలేదు. పెరుగన్నం తిని వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు చాలా సిగ్గనిపించింది. అవ్వ మీద కోపం రాలేదు, ఎందుకంటే ఆమె మంచిదే, వాడికి రెండోసారి అడిగి మరీ వడ్డించింది. కానీ కథలో పేరు లేకపోతే ఆ పేరు లేని చోట ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు. ఆ రోజు నా స్నేహితుడు కూర్చున్నాడు.

ఈ సంగతి మా తెలుగు సారుకు చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "మన తమిళనాడులోనే ఆ కాలం గురించి ఇద్దరు రాశారు, ఒకరు అరబీలో, ఒకరు సంస్కృతంలో. రెండూ చదివి నువ్వే చెప్పు" అన్నారు. రెండూ ఇంగ్లీషు అనువాదాల్లో చదివాను. తెలియని చోట సారును అడిగాను.

మొదటిది ఇబ్న్ బతూతా యాత్రా గ్రంథం. ఆయన 1304లో మొరాకోలోని టాంజియర్‌లో పుట్టాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర కాజీగా పనిచేశాడు. తర్వాత మాల్దీవులు, సింహళం తిరిగి, ఓడ దెబ్బతిని మన తమిళ తీరానికి వచ్చి పడ్డాడు. అప్పుడు మదురైలో సుల్తాను గియాసుద్దీన్ దామఘానీ. ఇద్దరికీ చుట్టరికం కూడా ఉంది. ఢిల్లీ నుంచి విడిపోయి మదురై రాజ్యం పెట్టిన జలాలుద్దీన్ అహసన్ షా కూతుళ్ళలో ఒకరిని ఇబ్న్ బతూతా, ఇంకొకరిని ఈ సుల్తాను పెళ్ళి చేసుకున్నారు. అంటే ఇబ్న్ బతూతా తన తోడల్లుడి గురించి రాస్తున్నాడు. అది గుర్తు పెట్టుకోవాలి.

తోడల్లుడు కాబట్టి పొగుడుతాడు అనుకున్నాను. పొగడలేదు. అడవిలో దొరికిన హిందువులను పట్టుకుని, రెండు పక్కలా చెక్కిన కొయ్యలను వాళ్ళ చేతనే మోయించి, తెల్లారాక అవే కొయ్యల మీద వాళ్ళను చంపించాడని రాశాడు. ఆడవాళ్ళను, పిల్లలను కూడా వదల్లేదని రాశాడు. ఇంకో చోట సుల్తానుతో కలిసి అన్నం తింటుండగా ఒక మనిషిని, అతని భార్యను, ఏడేళ్ళ కొడుకును తెచ్చి చంపమంటే, తాను చూడలేక ముఖం తిప్పుకున్నానని రాశాడు. ఇంత చెడ్డ పని వేరే ఏ రాజూ చేయగా తాను చూడలేదని, అందుకే దేవుడు ఇతనికి త్వరగా చావు ఇచ్చాడని తీర్పు చెప్పాడు. తన మతం వాడు, తన చుట్టం, తనకు అన్నం పెట్టినవాడు. అయినా రాశాడు. (ఆ సుల్తాను చచ్చిపోయి, తాను దూరంగా మొరాకోలో ఉన్నప్పుడు రాయించాడు, కాబట్టి భయం లేదు. అది కూడా చెప్పాలి కదా.)

అలాగని ఇబ్న్ బతూతాను పూర్తిగా మెచ్చుకోలేను. ముఖం తిప్పుకున్న అదే మనిషి మాల్దీవుల మీద దండెత్తమని అదే సుల్తానుతో కలిసి ఆలోచన చేశాడు. మదురైలో అంటువ్యాధి వచ్చినప్పుడు ఒక బానిస పిల్లను కొన్నానని, మర్నాడే చనిపోయిందని మామూలుగా రాసేశాడు. ఆ పిల్ల పేరు రాయలేదు. చదువుతుంటే నాకు మా అవ్వ కథ గుర్తుకొచ్చింది.

రెండోది గంగాదేవి రాసిన మధురావిజయం. ఈమె విజయనగరపు బుక్కరాయల కొడుకు కుమార కంపనకు భార్య. కావ్యం సంస్కృతంలో ఉన్నా మొదట్లో పాత కవులను తలచుకునేటప్పుడు మన తిక్కనను కూడా తలచుకుంది. అది చదివి మా క్లాసులో అందరం సంతోషపడ్డాము. 1916లో తిరువనంతపురంలో తాళపత్రం దొరికేదాకా ఈ కావ్యం ఉందనే చాలామందికి తెలియదు. దొరికిన దాంట్లో కూడా మధ్య మధ్య ఆకులు పోయాయి.

ఇందులో ఒక స్త్రీ కంపన దగ్గరికి వచ్చి మదురై పడే బాధ చెప్పుకుంటుంది. గుళ్ళలో మద్దెల చప్పుడు పోయి నక్కల అరుపులు వినిపిస్తున్నాయని, కొబ్బరి తోపులు కొట్టేసి ఆ చోట మనుషుల పుర్రెలు వేలాడే ఇనుప మేకులు నాటారని చెబుతుంది. దేవతల కత్తి ఇచ్చి సుల్తానును చంపమంటుంది. కంపన చంపుతాడు.

చదవగానే నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే మా అవ్వ కథ సరైనదే అనిపించింది. అప్పుడు సారు ఒక మాట చెప్పారు. కాళిదాసు రఘువంశం 16వ సర్గలో కూడా పాడుబడిన అయోధ్య తరపున ఒక దేవత రాత్రిపూట కుశుని దగ్గరికి వచ్చి బాధ చెప్పుకుంటుంది, అక్కడా వీధుల్లో నక్కలు తిరుగుతాయి. కాబట్టి గంగాదేవి నక్కలు మదురై నక్కలో, కాళిదాసు నక్కలో చెప్పలేము. ఒక కావ్యం నుంచి ఇంకో కావ్యానికి నడిచొచ్చి ఉండొచ్చు. అయితే పుర్రెల మేకులు అట్లా కాదు. ఇబ్న్ బతూతా కూడా కొయ్యల గురించే చెప్పాడు. ఆమె పుస్తకం ఆయన చూసే అవకాశమే లేదు, ఆయన రాయించడం 1355లోనే అయిపోయింది. ఒకరు ఒక పక్క వాళ్ళు, ఒకరు ఇంకో పక్క వాళ్ళు. రెండు పక్కల వాళ్ళూ ఒకే మాట చెప్పిన చోట నేను నమ్ముతాను. అక్కడ నిజంగా మనుషులను చంపారు. నా స్నేహితుడి కోసం దాన్ని దాచితే అదీ అబద్ధమే అవుతుంది.

ఇద్దరికీ పొంతన కుదరని చోట్లు కూడా చూడాలి. హొయ్సళ రాజు వీరబల్లాళుడు ఈ సుల్తానుతో యుద్ధం చేసినప్పుడు అతని సైన్యంలో సుమారు 20,000 మంది ముస్లిములు ఉన్నారని ఇబ్న్ బతూతా రాశాడు. వాళ్ళను దొంగలు, పారిపోయిన బానిసలు అని తిట్టాడు, కానీ ఉన్నారని రాశాడు. గంగాదేవి పుస్తకంలో అటువంటి కలగాపులగం కనిపించదు. కానీ ఆమె భర్త మదురైకి రాకముందు ఎవరితో యుద్ధం చేశాడు? కంచి వైపు శంబువరాయలతో. వాళ్ళు హిందువులే. ఆ యుద్ధం ఆమె కావ్యంలోనే ఉంది. ఇక్కడ హిందూ రాజును ఓడించడం పరాక్రమం అయింది, అక్కడ ముస్లిం రాజును ఓడించడం ధర్మం అయింది. ఇంకొకటి, కంపన మదురై గెలిచింది 1371 ప్రాంతంలో. మదురై సుల్తానుల నాణేలు ఆ తర్వాత ఇంకా కొన్నేళ్ళవి కూడా దొరికాయి. కావ్యంలో కథ ముగిసినా నాణేలు ముగియలేదు.

నా తీర్పు ఏమంటే, చరిత్ర రాసినవాడిగా ఇబ్న్ బతూతా మేలు. ఎందుకంటే తన వాళ్ళ తప్పు రాశాడు. గంగాదేవి కంపన సైన్యం చేసిన ఒక్క తప్పు కూడా రాయలేదు. కానీ ఆమె చరిత్ర రాస్తానని చెప్పలేదు, భర్త విజయం మీద కావ్యం రాసింది. మనమే దాన్ని తీసుకెళ్ళి కోర్టులో సాక్షిగా నిలబెడుతున్నాము.

క్రూసేడుల కాలంలో అరబ్బులు రాసినవి కూడా సారు కొంచెం చెప్పారు. 1099లో జెరూసలేము పడినప్పుడు దగ్గరి కాలంలో డమాస్కస్‌లో ఉన్న ఇబ్న్ అల్ ఖలానిసీ చాలామంది చనిపోయారని మాత్రమే రాశాడు. నూరేళ్ళ తర్వాత మోసుల్‌కు చెందిన ఇబ్న్ అల్ అసీర్ 70,000 కంటే ఎక్కువ అని రాశాడు. కాలం గడిచే కొద్దీ లెక్క పెరుగుతుంది. అయితే ఆయనే ఫ్రాంకులను తూర్ నగరంలో చేరనిచ్చినందుకు సలాదీన్‌నే తప్పుపట్టాడు.

మన కోయంబత్తూరు సంగతే తీసుకోండి. మా ఇంట్లో ఆ గొడవల గురించి మాట్లాడితే 1998 ఫిబ్రవరి 14 నుంచి మొదలుపెడతారు. నా స్నేహితుడి ఇంట్లో 1997 నవంబరు నుంచి మొదలుపెడతారంట. రెండు ఇళ్ళలోనూ చెప్పేది నిజమే. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదే గొడవ.

మదురైలో వైగై ఉత్తరపు ఒడ్డున గోరిపాళయం దర్గా ఉంది. ఆ సుల్తానుల కాలం నాటి సమాధులు అక్కడ ఉన్నాయంటారు. 16వ శతాబ్దంలో ఆ దర్గా మాన్యం భూముల మీద తగవు వస్తే దర్గాకే హక్కు ఉందని తీర్పు ఇచ్చింది మదురై నాయక రాజు వీరప్ప నాయకుడు. ఆయన తెలుగువాడే. ఇది అవ్వకు చెప్పాను. "అట్లనా" అని కొంచెంసేపు ఊరుకుంది. తర్వాత "చెట్టు వంగింది మాత్రం నిజం రా" అంది.

అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాక మా పెదనాన్న వాళ్ళ ఇంటికి మదురై వెళ్తున్నాము. నా స్నేహితుడు కూడా వస్తానన్నాడు. అవ్వ వాడికి కూడా టికెట్ తీయమని నాన్నతో చెప్పింది.